38 పాయింట్ల టీమ్ వెనకబడినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ కింద రెండు స్క్రమ్ టీములున్నాయి (స్ప్రింట్ అనే చిన్న చిన్న విడతలుగా పని చేసే సాఫ్ట్‌వేర్ టీములు), ఒక్కోదాంట్లో ఏడుగురు. మొదటిది రెండు వారాల స్ప్రింట్‌కు సగటున 62 స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంచనా అంకెలు) చేస్తోంది, రెండోది 38 దాటడం లేదు. డైరెక్టర్‌గారు జిరా నుంచి, అంటే ఒక్కో పనినీ ఒక్కో టికెట్‌గా రాసుకునే సాఫ్ట్‌వేర్ నుంచి, ఒక డాష్‌బోర్డ్ తయారు చేయమన్నారు. అందులో టీమ్ పక్కన టీమ్, మనిషి పక్కన మనిషి కనబడాలి. వచ్చే అప్రైజల్స్‌కి అదే ఆధారమట. ఏయే కొలతలు పెట్టాలి, 38 టీమ్‌ను ఎలా దారిలోకి తేవాలి అని అడిగారు.

నేను డెవలపర్‌గా తొమ్మిదేళ్లు, ఆ తర్వాత డెలివరీ వైపు పదకొండేళ్లు పనిచేశాను. మీ డైరెక్టర్‌గారు అడిగినలాంటి డాష్‌బోర్డ్ ఒకసారి నా చేత్తోనే తయారు చేశాను కూడా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఆ 62, 38 సంగతి చూద్దాం. వాటిని పక్కపక్కన పెట్టడమే తప్పు. వెనకటికి ధాన్యం కుంచాలతో కొలిచేవాళ్లు, ఒక్కో సీమలో ఒక్కో కుంచం. మా వైపు కుంచంతో పది, మీ వైపు కుంచంతో ఎనిమిది అంటే గింజలు ఎవరి దగ్గర ఎక్కువున్నాయో చెప్పలేం. స్టోరీ పాయింట్ కూడా అంతే, ఏ టీమ్ కుంచం ఆ టీమ్‌దే. ఎప్పుడో మొదటి స్ప్రింట్లో ఒక లాగిన్ స్క్రీన్‌ను మీ మొదటి టీమ్ "ఇది 3 అనుకుందాం" అనుకుని ఉంటుంది. రెండో టీమ్ అలాంటిదాన్నే 2 అనుకుని ఉంటుంది. ఆ రోజు పడ్డ తేడాయే ఈ రోజు 62, 38గా కనబడుతూ ఉండొచ్చు.

అసలు పాయింట్లు ఎలా పుట్టాయో తెలిస్తే ఈ భ్రమ సగం పోతుంది. తొలినాళ్లలో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి వాళ్లు పనిని "ఐడియల్ డేస్"లో అంచనా వేసేవాళ్లు. అంటే, ఎవరూ కదిలించకుండా వదిలేస్తే ఎన్ని రోజులు పడుతుందని. నిజంగా పట్టేది దానికి దాదాపు మూడింతలు. ఒక రోజు పనికి మూడు రోజులెందుకని పైవాళ్లు అడుగుతూనే ఉండేసరికి, ఈ గోలంతా ఎందుకని రోజులనే మాట తీసేసి పాయింట్లు అన్నారు. ఈ సంగతి చెప్పిన రాన్ జెఫ్రీస్, ఆ పద్ధతిని మొదలుపెట్టినవాళ్లలో ఒకడు, పాయింట్లను బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అదే నిజమైతే ఇప్పుడు అందుకు బాధపడుతున్నానని కూడా రాశాడు. పైవాళ్ల ప్రశ్నల నుంచి తప్పించుకోవడానికి పుట్టిన లెక్కతోనే ఇప్పుడు పైవాళ్లు మనల్ని కొలుస్తున్నారు!

స్క్రమ్ నియమాలు రాసి ఉన్న స్క్రమ్ గైడ్ 2020 ప్రతి మొత్తం వెతికినా స్టోరీ పాయింట్ అనే మాట గానీ, వెలాసిటీ (స్ప్రింట్‌కు ఎన్ని పాయింట్లు అయ్యాయనే లెక్క) అనే మాట గానీ దొరకదు. స్ప్రింట్‌కు తీసుకున్న పని గురించి చెప్పేటప్పుడు "కమిట్‌మెంట్" అనే మాటను 2011లోనే తీసేసి "ఫోర్‌కాస్ట్" అన్నారు. జిరా వెలాసిటీ చార్ట్‌లో మాత్రం బూడిదరంగు పట్టీకి కమిట్‌మెంట్ అన్న పేరే ఉండిపోయింది. పూర్తయిన పనిని చూపే ఆకుపచ్చ పట్టీ దానికంటే పొట్టిగా ఉంటే, చూసేవాళ్లకు టీమ్ మాట తప్పినట్టే అనిపిస్తుంది.

ఇక నేను చేసిన డాష్‌బోర్డ్. ఒక కంపెనీలో, పేరెందుకు లెండి, స్ప్రింట్‌కు ఎవరెవరు ఎన్ని పాయింట్లు చేశారో బార్ చార్ట్ పెట్టాం. మొదటి రెండు స్ప్రింట్లలో అందరి పట్టీలూ పైకి లేచాయి. పైవాళ్లు తెగ సంబరపడ్డారు. మూడో స్ప్రింట్ ప్లానింగ్‌లో కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. ప్లానింగ్ పోకర్‌లో (ఒక్కొక్కరూ అంకె ఉన్న కార్డు ఎత్తి పాయింట్లు తేల్చే పద్ధతి) అదివరకు 3 ఎత్తేవాళ్లు 5 ఎత్తుతున్నారు, 5 ఎత్తేవాళ్లు 8. "ఇది అంత లేదు కదా" అని ఒక్కరూ అనడం లేదు. ఎందుకంటారు? అందరి పట్టీలూ అందులోనే ఉన్నాయి. స్ప్రింట్ చివరి శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు సగం టికెట్లు డన్‌లోకి దూకేవి. సోమవారం పొద్దున "మిగిలిన పనులు" అనే పేరుతో కొత్త టికెట్ పుట్టేది, దానికి ఇంకో 3 పాయింట్లు. శుద్ధ కాకి లెక్కలు. రిలీజ్ మాత్రం అదివరకు ఎప్పుడు వెళ్లేదో అప్పుడే వెళ్లేది.

అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి ఉంది. ఆ చార్ట్‌లో అందరికంటే కింద ఒక సీనియర్ ఉండేవాడు. అతని పక్కకు రోజంతా ఎవరో ఒకరు కుర్చీ లాక్కుని వచ్చి కూర్చునేవాళ్లు. సగం రివ్యూలు, అంటే మిగతావాళ్ల కోడ్ తనిఖీ, అతనే చూసేవాడు. అర్ధరాత్రి ప్రొడక్షన్ (జనం వాడే అసలు సిస్టమ్) పడిపోతే ఫోన్ అతనికే. వీటిలో ఒక్కదానికీ టికెట్ లేదు. అప్రైజల్ రోజు "మీ కాంట్రిబ్యూషన్ టీమ్ యావరేజ్ కంటే తక్కువ" అని చార్ట్ చూపించారు. నేను గీసిన చార్ట్. నాలుగు నెలల్లో అతను వెళ్లిపోయాడు. ఆ నెల నుంచే రివ్యూ కాలమ్‌లో టికెట్లు పేరుకుపోవడం మొదలైంది. అదీ జిరాలోనే కనబడింది. చూడమని అడిగినవాళ్లే లేరు.

అందుకని మనిషి పక్కన మనిషి అనే భాగం మీ డాష్‌బోర్డ్‌లో పెట్టొద్దు. అలాగైతే పని ఎగ్గొట్టేవాళ్లను ఎలా పట్టుకోవాలని డైరెక్టర్‌గారు అడుగుతారు. ఏడుగురి టీమ్‌లో ఎవరు ఎగ్గొడుతున్నారో మీకు నెల తిరక్కుండానే తెలుస్తుంది, మిగతా ఆరుగురికి వారంలోనే తెలుస్తుంది. దానికి జిరా అక్కర్లేదు.

మరి జిరా దేనికి? దానికి నిజంగా బాగా తెలిసింది ఒక్కటే: ఏ టికెట్ ఏ స్టేటస్‌లోకి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు బయటపడింది. 2002లో ఆస్ట్రేలియాలో అట్లాసియన్ దీన్ని తెచ్చినప్పుడు ఇది బగ్‌లు రాసుకునే చిట్టాయే. అంతకుముందు వాళ్లు వాడింది బగ్‌జిల్లా. దానికి ఆఫీసులో పెట్టుకున్న ముద్దుపేరు గోజిరా, అంటే గాడ్జిల్లాకు జపాన్ పేరు. అందులోంచి వచ్చిందే జిరా. ఒక్కో టికెట్ నడకను గంటా నిమిషంతో సహా రాసిపెట్టుకుంటుంది. కాబట్టి దాన్ని అదే అడగాలి.

ఒక్క టికెట్‌ను దగ్గరగా చూపిస్తాను. కిందటేడు మా టీమ్‌లోది. ఒక క్లయింట్ యాప్‌లో చెల్లింపు రసీదు పీడీఎఫ్‌లో తెలుగు పేర్లు విరిగిపోతున్నాయి. "లక్ష్మి" అని కొడితే వత్తులు విడిపోయి ముక్కలుగా పడుతోంది. 3 పాయింట్లు వేశాం. హిస్టరీ ట్యాబ్ తెరిస్తే కథ ఇలా ఉంది.

2వ తేదీ సోమవారం పొద్దున ఇన్ ప్రోగ్రెస్‌లోకి వచ్చింది. బుధవారం మధ్యాహ్నానికల్లా డెవలపర్ అమ్మాయి ఫాంట్ మార్చి, అక్షరాలు కలిపే లైబ్రరీని సరిచేసి రివ్యూకి పంపింది. రెండున్నర రోజులు. రివ్యూ చూడాల్సినాయన ప్రొడక్షన్ గొడవలో ఇరుక్కుపోయాడు, తర్వాతి సోమవారం 9వ తేదీ సాయంత్రం తీరిక దొరికింది. చూడటానికి పట్టింది నలభై నిమిషాలు. క్యూఏకి (టెస్టింగ్‌కు) వెళ్లాక టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌ను ఇంకో టీమ్ ఆక్రమించుకుని ఉంది, 13వ తేదీ శుక్రవారం దాకా ఖాళీ కాలేదు. టెస్టర్ ఆ రోజే పరీక్షించి ఒక సందేహం రాశాడు: పాత రసీదులను కూడా మళ్లీ తయారుచేసి పంపాలా? ఆ మాట చెప్పాల్సిన క్లయింట్ మేనేజర్ డాలస్‌లో ఉంటారు. మన రాత్రి తొమ్మిదిన్నర కాల్‌లో అడుగుదామంటే రెండు రోజులు ఆ కాలే జరగలేదు. 18వ తేదీ రాత్రి "అక్కర్లేదు" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. 19న టెస్టర్ ఇంకాసేపు చూసి ఓకే అన్నాడు. రిలీజ్ మంగళవారాలే కాబట్టి 24న ప్రొడక్షన్‌లోకి వెళ్లింది.

పనిదినాలు లెక్కపెడితే 17. టికెట్ మీద ఎవరిదైనా చెయ్యి ఉన్నది అటూ ఇటూగా మూడున్నర రోజులు. మిగిలిన పదమూడున్నర రోజులూ అది ఎవరి కోసమో ఎదురుచూస్తూ కూర్చుంది. ఇప్పుడు చెప్పండి, ఆ డెవలపర్‌ను తరిమి తరిమి రెట్టింపు వేగంగా పని చేయిస్తే ఎంత మిగిలేది? ఒక రోజు, మహా అయితే ఇంకో పూట. రోజూ జరిగే చిన్న మీటింగ్, స్టాండప్‌లో మాత్రం "ఆ రసీదు టికెట్ ఇంకా అవలేదా?" అని రోజూ అడిగింది ఆ అమ్మాయినే.

నా అనుభవంలో చాలా టీముల లెక్క ఇలాగే ఉంటుంది. అందుకే నేను మొదట చూసేది, పని మొదలుపెట్టాక ప్రొడక్షన్‌కు చేరేవరకు ఎన్ని రోజులు పడుతోంది, అందులో ఎన్ని రోజులు ఎక్కడ ఆగుతోంది. సైకిల్ టైమ్ అంటారు దీన్ని.

ఇది సరిగ్గా రావాలంటే ముందు బోర్డు, అంటే టికెట్లు కాలమ్‌లలో కనబడే జిరా తెర, నిజం చెప్పాలి. చాలా బోర్డుల్లో టు డూ, ఇన్ ప్రోగ్రెస్, డన్ అని మూడే కాలమ్‌లుంటాయి. ఎదురుచూపులన్నీ ఇన్ ప్రోగ్రెస్ చాటున దాక్కుంటాయి. పని జరిగే చోటు వేరు, ఆగే చోటు వేరు అని కాలమ్‌లు విడగొట్టండి: డెవలప్‌మెంట్, రివ్యూ కోసం ఆగింది, రివ్యూ, టెస్టింగ్ కోసం ఆగింది, టెస్టింగ్, క్లయింట్ జవాబు కోసం ఆగింది, రిలీజ్ కోసం ఆగింది. కాలమ్‌లు ఎక్కువైపోయాయని రెట్రోలో (స్ప్రింట్ చివర జరిగే సమీక్షలో) గొణుగుతారు. రెండు స్ప్రింట్లలో అలవాటవుతుంది.

ఇంకో చిన్న మెలిక, చాలామంది ఇక్కడ దెబ్బతింటారు. జిరా స్క్రమ్ బోర్డు రిపోర్టుల దృష్టిలో అన్నిటికంటే కుడి చివరి కాలమ్‌కు చేరితేనే పని అయినట్టు. కుడి చివర "క్యూఏకి రెడీ" స్టేటస్ పెట్టుకున్న టీమ్‌కు వెలాసిటీ ఊరికే ఉబ్బిపోతుంది. నిజంగా ప్రొడక్షన్‌కు వెళ్లాకే డన్ అనే టీమ్ పాపం సన్నగా కనబడుతుంది. మీ రెండు బోర్డుల్లో కుడి చివర ఏముందో ఈ రోజే చూడండి. 62కీ 38కీ తేడా అక్కడే దొరికినా నేను ఆశ్చర్యపోను.

దాంతోపాటు 38 టీమ్ స్ప్రింట్ రిపోర్ట్ తెరిచి నక్షత్రం గుర్తు (*) ఉన్న టికెట్లెన్నో లెక్కపెట్టండి. స్ప్రింట్ మొదలయ్యాక మధ్యలో చేర్చినవాటికి జిరా ఆ గుర్తు పెడుతుంది. కమిట్‌మెంట్ పట్టీలో అవి చేరవు, స్ప్రింట్ మొదలైన క్షణంలో ఉన్నవే అందులో లెక్కకొస్తాయి. సపోర్ట్ పనులు మీదపడే టీమ్ అయితే ఈ గుర్తులు గంపెడుంటాయి. పైగా హడావుడిలో చేర్చిన టికెట్లకు పాయింట్లు వేసే తీరిక ఎవరికుంటుంది? సున్నా పాయింట్లతో రాత్రింబగళ్లు కష్టపడే టీమ్‌లను చూశాను.

ఇక రోజుల లెక్క. సగటు చూపించొద్దు. ఒక్క టికెట్ అరవై రోజులు పడుకుంటే సగటు మొత్తం చెడిపోతుంది. ఈమధ్య పూర్తయిన 40 టికెట్లను తీసుకుని, పట్టిన రోజుల వరుసలో పేర్చి, చిన్నదాని నుంచి 34వది ఎక్కడుందో చూడండి. అది 11 రోజులైతే, "మా దగ్గర 85 శాతం పనులు 11 రోజుల్లోపు అయిపోతున్నాయి" అని క్లయింట్‌కు ధైర్యంగా చెప్పొచ్చు. పోకర్ ఆడి చెప్పే తేదీ కంటే ఇది ఎక్కువసార్లు నిలబడుతుంది. జిరా కంట్రోల్ చార్ట్‌లో చుక్క అంటే ఒక టికెట్, లేదా కొన్ని టికెట్ల గుంపు. అందులోని సగటు గీతను వదిలేసి పైకెగిరిన చుక్కలను నొక్కి చూడండి, ప్రతిదాని వెనకా రసీదు టికెట్ లాంటి కథ ఉంటుంది.

పూర్తయినవాటి సంగతి అది. చేతిలో ఉన్నవాటికి వయసు చూడాలి. బోర్డు సెట్టింగుల్లో కార్డు మీద "కాలమ్‌లో ఎన్ని రోజులుగా ఉంది" అని చిన్న చుక్కలు కనబడేలా పెట్టుకోవచ్చు. స్టాండప్‌లో "నిన్న ఏం చేశావు, ఈ రోజు ఏం చేస్తావు" అని మనిషి మనిషినీ అడగడం మానేసి, ఎక్కువ చుక్కలున్న కార్డు దగ్గర మొదలుపెట్టండి. దీన్ని కదిలించడానికి ఎవరు ఏం చేయాలి అనేదొక్కటే ప్రశ్న. మా దగ్గర పావుగంట స్టాండప్ ఎనిమిది నిమిషాలకు దిగింది. హాజరు పట్టీ చదువుతున్నట్టుండే టెన్షన్ కూడా పోయింది.

వయసు తగ్గించడానికి అన్నిటికంటే తేలికైన మందు, ఒకేసారి తక్కువ పనులు పట్టుకోవడం. ఇది వేదాంతం కాదు, లెక్కే. 1961లో జాన్ లిటిల్ రుజువు చేసిన సూత్రం ఒకటుంది: చేతిలో ఉన్న పనుల సంఖ్యను, వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో పనికి సగటున ఎన్ని వారాలు పడుతుందో వస్తుంది. 24 టికెట్లు తెరిచిపెట్టి వారానికి 8 ముగిస్తుంటే మూడు వారాలు. అదే 8 వేగంతో 12 టికెట్లే చేతిలో ఉంచుకుంటే వారంన్నర. ఎవరూ వేగం పెంచలేదు, ఓవర్‌టైమ్ లేదు. క్యూ పొట్టిదైంది, అంతే.

నమ్మకం కుదరకపోతే మన హైదరాబాద్ కథే ఒకటుంది. 2004 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగంలో ఎక్స్‌ఐటీ అనే టీమ్ ఉండేది. చిన్న చిన్న మార్పులు, బగ్‌లు సరిచేయడం వాళ్ల పని. మేనేజర్ రెడ్‌మండ్‌లో, పని చేసే ముగ్గురు డెవలపర్లు, ముగ్గురు టెస్టర్లు హైదరాబాద్‌లో. అడిగిన పని అయ్యేసరికి దాదాపు అయిదు నెలలు పట్టేది, ఆ విభాగంలో అందరికంటే అధ్వానమని పేరు. డ్రాగోష్ డుమిట్రియు అనే కొత్త మేనేజర్ వచ్చి, డేవిడ్ ఆండర్సన్ సాయంతో పని ఎక్కడ ఆగుతోందో గీసి చూశాడు. కొత్త రిక్వెస్ట్ వచ్చిన ప్రతిసారీ 48 గంటల్లో ఎస్టిమేట్ ఇవ్వాలని నియమం. దానికోసం డెవలపరూ టెస్టరూ చేతిలో పని పక్కన పడేసి కూర్చునేవాళ్లు. వాళ్ల సమయంలో పెద్ద వాటా పనికి కాక, పనికి ఎంత పడుతుందో చెప్పడానికే పోతోంది. ఎస్టిమేట్లు ఆపేశారు. చేతిలో ఇన్నే ఉండాలని హద్దు పెట్టి, చోటు ఖాళీ అయినప్పుడే కొత్తది తీసుకున్నారు. మొదట్లో కొత్త మనుషులెవరినీ చేర్చలేదు. ఏడాది తిరిగేసరికి అయిదు నెలలు కాస్తా రెండు వారాల దగ్గరకు వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో కాన్‌బాన్ (చేతిలో ఉన్న పనికి ఇలా హద్దు పెట్టే పద్ధతి) గురించి ఎవరు చెప్పినా మొదట ఎత్తే కథల్లో ఇదొకటి. ఆ ఆరుగురికి మనిషికిన్ని పాయింట్లని చార్ట్ పెట్టి ఉంటే ఏం తెలిసేది?

నాణ్యత గురించి క్లుప్తంగా. త్వరగా పంపి రెండో రోజు వెనక్కి తెచ్చుకుంటే ప్రయోజనం లేదు. రిలీజ్ తర్వాత బయటపడ్డ బగ్‌లు, డన్ అయ్యాక రీఓపెన్ అయిన టికెట్లు, ఈ రెండూ చాలు. బిల్డ్, డిప్లాయ్‌మెంట్ వివరాలు కూడా మీ చేతిలో ఉంటే డోరా (సాఫ్ట్‌వేర్ టీముల పనితీరు మీద పరిశోధన చేసే బృందం) వాళ్ల పేరుపడ్డ నాలుగు కొలతలు తీసుకోండి: ఎంత తరచుగా ప్రొడక్షన్‌కు వెళ్తున్నారు, కోడ్ చేర్చాక అక్కడికి చేరడానికి ఎంత పడుతోంది, వెళ్లినవాటిలో ఎన్ని చెడిపోతున్నాయి, చెడిపోతే ఎంతసేపట్లో లేపుతున్నారు. వీటికి జిరా ఒక్కటే సరిపోదు, జెంకిన్స్ లాంటి బిల్డ్ టూల్‌నూ అడగాలి.

వెలాసిటీని పూర్తిగా పారేయమని నేను అనను. అదే టీమ్, అదే కుంచం, వచ్చే స్ప్రింట్‌కు ఎంత తీసుకుందామని చూసుకోవడానికి పనికొస్తుంది. అప్పుడు కూడా 38 అని ఒక్క సంఖ్య కాకుండా, ఆరు స్ప్రింట్లలో 31 నుంచి 44 మధ్య అని చూసుకోండి. ఆ చార్ట్ టీమ్ గది గోడ దాటి బయటికి రాకపోతే మంచిది.

డైరెక్టర్‌గారి దగ్గరకు "కుదరదండి" అని ఖాళీ చేతులతో వెళ్లకండి, అలా వెళ్తే ఆయన ఇంకొకరి చేత చేయించుకుంటారు. ఆయనకు నిజంగా కావలసింది, డబ్బు పెడుతున్న పని కదులుతోందా, ఆగితే ఎందుకు ఆగింది, తాను ఏం చేయాలి అనే మూడు ముక్కలే. ఒక్క పేజీ చేయండి. టీమ్‌కు ఒకటి చొప్పున, 85 శాతం పనులు ఎన్ని రోజుల్లో అవుతున్నాయో కిందటి ఆరు నెలల గీత. వారానికి ఎన్ని టికెట్లు ముగిశాయి. ఎన్ని వెనక్కొచ్చాయి. అన్నిటికంటే కింద, ఇప్పుడు అన్నిటికంటే ముదురు టికెట్లు అయిదు, ఒక్కోదాని పక్కన అది దేనికోసం ఆగిందో ఒక్క వాక్యం. నేను ఇలాంటి పేజీ మొదటిసారి చూపించినప్పుడు అయిదింట్లో మూడు టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ కోసమే ఆగి ఉన్నాయి. రెండేళ్లుగా అడుగుతున్న రెండో ఎన్విరాన్‌మెంట్ ఆరు వారాల్లో వచ్చింది.

అప్రైజల్‌కు జిరాను జ్ఞాపకం కోసం వాడుకోండి. ఏడాదిలో ఎవరు ఏ చిక్కుముడి విప్పారో ఏప్రిల్ నాటికి మనం మర్చిపోతాం, పాత టికెట్ల కింద కామెంట్లు చదివితే గుర్తొస్తుంది. ఎవరి రివ్యూ వల్ల ఏ బగ్ ఆగిందో కూడా అక్కడే కనబడుతుంది. మార్కులు మాత్రం మీరే వేయాలి, పక్కన పనిచేసినవాళ్లను అడిగి మరీ.

ఈ వారం చేయాల్సినవి రెండే. బోర్డుల కుడి చివరి కాలమ్ చూడండి, 38 టీమ్‌లో నక్షత్రం గుర్తులు లెక్కపెట్టండి. ఆ తర్వాత ఆగిన కాలమ్‌లు తెరిచి, రెండు స్ప్రింట్లయ్యాక ఎక్కడ ఎన్ని రోజులు పోతున్నాయో ఇక్కడే రాయండి. టీమ్ పేర్లు, క్లయింట్ పేరు తీసేసి రాయండి, కలిసి చూద్దాం.